నానో మందులు: వస్తువు పాతది, రూపం కొత్తది

నానో అనే మాట మన పాఠకుల్లో చాలామందికి మొదట ఒక కారు పేరుగా పరిచయమైంది. 2009లో రోడ్డుమీదికొచ్చిన ఆ కారు కొన్నేళ్ళకే తెరమరుగైంది గాని, మాట మాత్రం నిలిచిపోయింది. ఇవాళ అది యూరియా సీసామీద ఉంది, మంచినీళ్ళ ఫిల్టరుమీద ఉంది. క్యాన్సర్ వైద్యం దగ్గరికొచ్చేసరికి మన పత్రికల భాష ఒక్కసారిగా పురాణ భాష అయిపోతుంది. కణితిని వెతుక్కుంటూ వెళ్ళి, దాన్ని మాత్రమే కొట్టి, పక్కనున్న మంచి కణాన్ని ముట్టకుండా వదిలేసే సూక్ష్మాస్త్రాల గురించి ఆదివారం అనుబంధాల్లో తరచుగా చదువుతుంటాం. తెలుగులో ఇందుకు పాత మాట ఒకటి ఉండనే ఉంది: రామబాణం. ఐరోపాలో పాల్ ఎర్లిక్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు నూరేళ్ళ కిందటే ఇదే భావాన్ని మాయ తూటా అన్నాడు. బాణమైనా తూటా అయినా ఆశ ఒక్కటే.

నేను కళాశాలలో రసాయనశాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ణి. సాహిత్య విమర్శ పత్రికలో మందుల ప్రసక్తి ఎందుకని కొందరు మిత్రులు అడగవచ్చు. ఈ వ్యవహారంలో ఉన్న తగాదా మన విమర్శకులకు చిరపరిచితమైనదే కాబట్టి రాస్తున్నాను. వస్తువు ముఖ్యమా, రూపం ముఖ్యమా అని మనం దశాబ్దాల తరబడి వాదించుకున్నాం. రొమ్ము క్యాన్సర్‌కు నేడు వాడుతున్న నానో మందుల్లో ప్రధానమైనవి కొత్త మందులు కావు. ఎప్పటినుంచో ఉన్న మందులకే కొత్త రూపం తొడిగారు. ఆ రూపం రోగికి నిజంగా ఏమిచ్చింది? ఏమివ్వలేకపోయింది? ఆ రూపానికి యజమాని ఎవరు? ఈ మూడు ప్రశ్నలనూ కలిపి చూడకపోతే శాస్త్రమూ అర్థం కాదు, ధరా అర్థం కాదు.

మన దేశంలో 2022లో సుమారు 1,92,000 మంది స్త్రీలకు రొమ్ము క్యాన్సర్ కొత్తగా బయటపడిందనీ, ఆ ఏడాది సుమారు 98,000 మంది దానితో చనిపోయారనీ అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ అంచనా. కోత, రేడియేషన్, హార్మోను మందులు, రసాయన మందులు అనే నాలుగూ కలిసి ఈ జబ్బును ఎదుర్కొంటాయి. మనకిక్కడ కావలసింది రసాయన మందుల సంగతి. వీటి పుట్టుకలో యుద్ధం ఉంది. రెండో ప్రపంచయుద్ధ కాలంలో విషవాయువుల మీద జరిగిన పరిశోధనలోంచే మొదటి క్యాన్సర్ మందు నైట్రోజన్ మస్టర్డ్ వచ్చింది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు చేతులూ ఇందులో ఉన్నాయి. ఆయన ఆధ్వర్యంలో లెడర్లీ ప్రయోగశాలలో తయారైన ఫోలిక్ ఆమ్ల విరోధులే సిడ్నీ ఫార్బర్ చేతికి అంది పిల్లల రక్త క్యాన్సర్‌ను తాత్కాలికంగానైనా వెనక్కి నెట్టాయి. ఆ కుటుంబానికే చెందిన మెథోట్రెక్సేట్‌ను మరి రెండు మందులతో కలిపి మిలాన్‌లో బొనడొన్నా రొమ్ము క్యాన్సర్ రోగులకు శస్త్రచికిత్స తర్వాత ఇచ్చి, జబ్బు తిరగబెట్టడం తగ్గిందని 1976లో చూపించాడు.

ఈ మందులన్నిటికీ ఒక ఉమ్మడి లోపం ఉంది. ఇవి త్వరగా చీలే కణాన్ని చంపుతాయి తప్ప క్యాన్సర్ కణాన్ని గుర్తుపట్టవు. వెంట్రుక కుదురు, పేగు లోపలి పొర, ఎముకలోని మూలుగ కూడా త్వరగా చీలే కణాలతో ఉన్నవే. అందుకే జుట్టు రాలడం, వాంతులు, రక్తకణాలు పడిపోవడం. పైగా ఇవి చాలా చిన్న అణువులు. రక్తంలో పడగానే సన్న నాళాల గోడలు దాటి ఒళ్ళంతా పరుచుకుంటాయి. జబ్బు ఎకరంలో ఉంటే మందు ఊరంతా చల్లినట్టన్నమాట.

మందును కాస్త పెద్ద పొట్లంలో కట్టి పంపితే అలా ఎక్కడపడితే అక్కడ ఇంకిపోదు గదా అనే ఆలోచన ఇక్కడ పుడుతుంది. ఎంత పెద్ద పొట్లం? మీటరును వందకోట్ల భాగాలు చేస్తే ఒక భాగం నానోమీటరు. మనం రాసే కాగితం మందం లక్ష నానోమీటర్ల దరిదాపుల్లో ఉంటుంది. ఎర్ర రక్తకణం అడ్డుకొలత ఏడెనిమిది వేలు. ఐదారు నానోమీటర్లకన్నా చిన్న కణాన్ని మూత్రపిండాలు వడకట్టి బయటికి పంపేస్తాయి. రెండు వందలు దాటినదాన్ని ప్లీహం, కాలేయం తేలిగ్గా పట్టేస్తాయి. ఈ రెంటి నడుమనున్న సందులోనే నానో వైద్యం కాపురం చేస్తోంది. నానో అన్న మాటలో ఉన్న మహిమంతా ఇంతే: ఒంట్లోని జల్లెళ్ళ కళ్ళకు సరిపడే కొలత.

మొదట నిలదొక్కుకున్న పొట్లం కొవ్వు బుడగ. 1960ల తొలినాళ్ళలో ఇంగ్లండులోని కేంబ్రిడ్జి సమీపాన బేబ్రహాం అనేచోట అలెక్ బ్యాంగమ్ కొవ్వు పదార్థాలను నీటిలో కలిపి ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో చూస్తే, అవి తమంత తామే గుండ్రటి బుడగలుగా చుట్టుకుని కనిపించాయి. వాటినే లైపోజోములన్నారు. వాటిలో మందు పెట్టవచ్చని తర్వాతివాళ్ళకు తట్టింది. పెట్టారు కూడా. కాని కాలేయంలో కాపలా కాసే కణాలు వాటిని ఇట్టే మింగేశాయి. దాదాపు ఇరవై ఏళ్ళు ఈ చిక్కుతోనే గడిచాయి. బుడగ పైన నీటిని పట్టి ఉంచే పాలీఇథిలీన్ గ్లైకాల్ అనే పొడుగాటి అణువుల నూగు మొలిపిస్తే కాపలా కణాలు దాన్ని అంత తొందరగా గుర్తుపట్టవని తేలాకే దారి దొరికింది.

ఆ బుడగలో పెట్టిన మందు డాక్సోరూబిసిన్. దక్షిణ ఇటలీలో ఒక పాత కోట దగ్గరి మట్టిలో దొరికిన సూక్ష్మజీవి నుంచి వచ్చిన కుటుంబం అది. ఏడ్రియాటిక్ సముద్రం పేరుమీద దాన్ని ఏడ్రియామైసిన్ అన్నారు. రంగునుబట్టి రోగులు దాన్ని ఎర్రమందు అంటారు. రొమ్ము క్యాన్సర్‌కు అది గట్టి మందు. అయితే గుండె కండరాన్ని దెబ్బతీస్తుంది. అందువల్ల జీవితకాలంలో ఒక మనిషికి ఇవ్వదగ్గ మొత్తానికి, శరీర వైశాల్యం చదరపు మీటరుకు 450 నుంచి 550 మిల్లీగ్రాముల దగ్గర, వైద్యులు గీత గీస్తారు. మందు పనిచేస్తున్నా ఆపవలసిన రోజు వస్తుందన్నమాట.

జెరూసలేంలో బారెన్‌హోల్జ్, గాబిజోన్ బృందం ఈ మందును బుడగలో నింపిన పద్ధతి ముచ్చటైనది. బుడగ లోపల ముందుగా అమ్మోనియం సల్ఫేటు ద్రావణం ఉంచారు. బయటనున్న డాక్సోరూబిసిన్ విద్యుదావేశం లేని స్థితిలో కొవ్వు గోడ దాటి లోపలికి పోతుంది. లోపలి ఆమ్లత్వం వల్ల ఆవేశం తెచ్చుకుంటుంది, సల్ఫేటుతో కలిసి సూదుల్లాంటి స్ఫటికాలుగా పేరుకుంటుంది. ఇక గోడ దాటలేదు. ఎలుకల బోను సూత్రమే, లోపలికి దారి ఉంది, బయటికి లేదు. ఒక్కొక్క బుడగలో పదివేలకు పైగా అణువులు ఇముడుతాయి. బుడగ కొలత 80 నుంచి 100 నానోమీటర్లు. డాక్సిల్ పేరుతో 1995లో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ దీన్ని అనుమతించింది. అక్కడ అనుమతి పొందిన తొలి నానో మందు ఇదేనంటారు.

రొమ్ము క్యాన్సర్‌లో ఇది ఏం చేసిందో 2004లో ప్రచురితమైన ఒక పెద్ద పరీక్ష చెబుతుంది. జబ్బు ఇతర అవయవాలకు పాకిన 509 మంది స్త్రీలలో కొందరికి మామూలు డాక్సోరూబిసిన్, మరికొందరికి బుడగల డాక్సోరూబిసిన్ ఇచ్చారు. జబ్బు ముదరకుండా ఆగిన కాలం మామూలు మందుతో 7.8 నెలలు, బుడగల మందుతో 6.9 నెలలు. బతికిన కాలం 22 నెలలు, 21 నెలలు. తేడా లేదని గణాంకశాస్త్రం తీర్పు. అంటే రామబాణం మాట వట్టిదే. కాని గుండె దెబ్బతినే ప్రమాదం బుడగల మందుతో మూడో వంతుకు తగ్గింది. జుట్టు రాలడం 66 శాతం నుంచి 20 శాతానికి దిగింది. గుండె నాళాల గోడలు బిగువైనవి, అంత పెద్ద బుడగ వాటిని దాటలేదు. కొత్త రూపం కణితిని ఎక్కువగా చంపలేదు గాని గుండెను కాపాడింది. ఇది చిన్న మేలు కాదు.

ఆ పరీక్షలోనే మరొక అంకె ఉంది. దాన్ని మన పత్రికలు పట్టించుకోగా నేను చూడలేదు. అరచేతులూ అరికాళ్ళూ ఎర్రబడి, మంటపుట్టి, బొబ్బలెక్కి, తోలు ఊడే బాధ మామూలు మందుతో 2 శాతం మందికి వస్తే, బుడగల మందుతో 48 శాతం మందికి వచ్చింది. రోజుల తరబడి రక్తంలో తిరిగే బుడగలు ఒత్తిడి పడే చోట్ల, చెమట ఎక్కువ పట్టే చోట్ల చర్మంలోకి చేరడం దీనికి కారణంగా చెబుతారు. విషం పోలేదు, గుండెనుంచి అరచేతికి మకాం మార్చింది. వేడినీళ్ళు తగలనివ్వవద్దనీ, రాపిడి కలిగించే పనులు చేయవద్దనీ వైద్యులు సలహా ఇస్తారు. మంచి సలహానే. నాట్లు వేసే మనిషి, నాలుగిళ్ళలో అంట్లు తోమే మనిషి, సిరిసిల్లలోనో నిజామాబాదులోనో బీడీలు చుట్టి రోజు గడిపే మనిషి ఆ సలహాను ఏం చేసుకుంటుంది? గుండె బాగుందని ఎకో పరీక్షలో కనబడుతుంది. చేతులు పోయాయని కూలి దొరకనినాడు కనబడుతుంది. ఈ రెంటినీ ఒకే తక్కెడలో తూచే లెక్క ఆ పరీక్షల్లో ఉండదు.

ఇక కణితిని ఎక్కువగా ఎందుకు చంపలేదు అన్న ప్రశ్న. 1986లో జపానులోని కుమమోటో విశ్వవిద్యాలయానికి చెందిన మత్సుమురా, మయేదా ఒక విషయం గమనించారు. కణితిలో హడావుడిగా పెరిగే రక్తనాళాల గోడలు అతుకుల బొంతలా ఉంటాయి, సందులుంటాయి. లోపలికి పోయినదాన్ని బయటికి తోడే శోషరస నాళాలు అక్కడ సరిగా పనిచేయవు. కనుక పెద్ద అణువులు కణితిలోకి కారి అక్కడే నిలిచిపోతాయన్నారు. ఈ సిద్ధాంతం మీదే తరువాతి ముప్ఫై ఏళ్ళ నానో వైద్యం మేడ కట్టింది. వేలాది పరిశోధన పత్రాలు వచ్చాయి. ఎలుకల్లో ఫలితాలు బ్రహ్మాండంగా ఉన్నాయి. ఎలుకకు మనం పెట్టే కణితి కొద్ది వారాల్లో దాని ఒంటికి మించిన భారంగా పెరుగుతుంది, నాళాలూ అంతే తొందరలో అల్లుకుంటాయి. మనిషి కణితి ఏళ్ళ తరబడి పెరిగేది. ఒకే రోగిలో ఒక కణితి నాళాలు కారితే పక్కదానివి కారకపోవచ్చు.

2016లో టొరంటో విశ్వవిద్యాలయానికి చెందిన వారెన్ చాన్ బృందం పదేళ్ళ పరిశోధన పత్రాలను వడపోసి, జంతువులకు ఎక్కించిన నానో కణాల్లో కణితికి చేరేది ఎంతో లెక్కగట్టింది. మధ్యస్థ విలువ 0.7 శాతం. వెయ్యింటికి ఏడు! మిగిలినవాటిలో పెద్దపాలు కాలేయానికీ ప్లీహానికీ పోతుంది. ఈ లెక్క కట్టిన తీరుమీద విమర్శలు వచ్చాయి. మామూలు మందు మాత్రం కణితికి ఎంత చేరుతుంది, అదీ కొద్దే గదా అని కొందరన్నారు. అదీ నిజమే. అయితే ఆ బృందమే 2020లో మరొక దెబ్బ కొట్టింది. కణాలు కణితిలోకి పోయేది గోడల సందుల్లోంచి కాదనీ, 97 శాతం దాకా నాళపు గోడ కణాలే వాటిని మింగి అవతలికి చేరవేస్తున్నాయనీ ఎలుకల్లో చూపించింది. ముప్ఫై ఏళ్ళు పాఠ్యపుస్తకాల్లో చెప్పిన కారణమే ప్రశ్నార్థకమైంది. నా మటుకు నాకు ఇది నిరాశ కలిగించే వార్త కాదు. తన పునాదిని తానే తవ్వి చూసుకోగల గుణం సైన్సుకుంది. ఆ గుణం లేనిది దాని మీద బతికే ప్రకటనలకు.

బుడగకు చిరునామా అంటిస్తే? రొమ్ము క్యాన్సర్‌లలో సుమారు 15 నుంచి 20 శాతం వాటిలో హెర్-2 అనే ప్రోటీన్ కణం పైభాగాన అతిగా ఉంటుంది. దాన్ని పట్టుకునే ప్రతిరక్షక శకలాలను డాక్సోరూబిసిన్ బుడగకు అతికించి మెరిమాక్ అనే అమెరికన్ కంపెనీ ఒక మందు చేసింది. మామూలు వైద్యంకన్నా మేలు కనిపించే అవకాశం లేదని తేలి, 2016 డిసెంబరులో ఆ పరీక్షను మధ్యలోనే ఆపేశారు. చిరునామా సరైనదే కావచ్చు, ఆ ఊరికి బండి చేరితే గదా! విచిత్రమేమంటే, బుడగ లేకుండా ప్రతిరక్షకానికే నేరుగా నాలుగో ఎనిమిదో మందు అణువులు కట్టి పంపిన పద్ధతి ఫలించింది. 2013లో ట్రాస్టుజుమాబ్ ఎంటాన్సిన్, 2019లో ట్రాస్టుజుమాబ్ డెరక్స్‌టెకాన్ అలా వచ్చినవే. పదివేల అణువుల మోతకన్నా ఎనిమిది అణువుల మోత మెరుగైంది. వాటికీ బాధలు లేకపోలేదు, రెండవది కొందరిలో ఊపిరితిత్తులను వాపెక్కిస్తుంది. వీటిని నానో మందులనాలా వద్దా అనేది పండితుల తగవు.

ఇప్పుడు రెండో పెద్ద మందు పాక్లిటాక్సెల్ దగ్గరికి వద్దాం. అమెరికా పడమటి తీరాన పెరిగే యూ అనే చెట్టు బెరడులోంచి దీన్ని వేరుచేసి, మన్రో వాల్, మన్సుఖ్ వాని 1971లో దీని నిర్మాణం ప్రకటించారు. వాని మహారాష్ట్రలోని నందుర్బార్‌లో పుట్టినవాడు. కణం రెండుగా చీలేటప్పుడు క్రోమోజోములను చెరోవైపూ లాగే పగ్గాల్లాంటి సన్నటి గొట్టాలుంటాయి. పాక్లిటాక్సెల్ వాటిని కదలకుండా బిగించేస్తుందని సుసాన్ హార్విట్జ్ 1979లో కనిపెట్టింది. పగ్గాలు బిగుసుకుపోతే కణం చీలలేక చచ్చిపోతుంది.

చిక్కేమిటంటే ఈ మందు నీళ్ళలో కరగదు. కరిగించడానికి జర్మనీ కంపెనీ తయారుచేసే క్రెమోఫోర్ అనే నూనె ద్రవం వాడారు. అది దేనితో చేస్తారనుకున్నారు? ఆముదంతో! మన పాలమూరు, నల్లగొండ చెల్కల్లో పండే ఆముదమే, కాకపోతే రసాయనికంగా మార్చినది. ఆ ద్రవం రక్తంలో పడగానే కొందరికి ఊపిరాడనంత ఎలర్జీ వస్తుంది. అందుకని మందుకు ముందు స్టెరాయిడ్లూ ఎలర్జీ సూదులూ వేయాలి, మూడు గంటలపాటు నెమ్మదిగా ఎక్కించాలి. మా వదినకు ఈ మందు ఎక్కించే రోజుల్లో నేను తోడు వెళ్ళేవాణ్ణి. వరసగా సూదులు వేస్తుంటే ఆమె, "ఏమయ్యా, ఇది జబ్బుకు మందా, మందుకు మందా?" అని అడిగింది. ఇంత సూటిగా ఆ సంగతిని నా విద్యార్థులెవరూ అడగలేదు. మూడో విడత తర్వాత ఆమె వేళ్ళ చివర్లు తిమ్మిరెక్కాయి. ముప్ఫై ఏళ్ళుగా జాకెట్లు కుట్టిన మనిషి సూదిలో దారం ఎక్కించలేకపోయింది. ఆమె కేసు కాగితంలో వృత్తి అన్నచోట 'గృహిణి' అని రాసి ఉంది.

ఆ ఆముదపు ద్రవాన్ని వదిలించుకోవడమే నానో రూపం ఆశయం. మన రక్తంలోనే ఉండే ఆల్బుమిన్ ప్రోటీనుతో పాక్లిటాక్సెల్‌ను కట్టి సుమారు 130 నానోమీటర్ల కణాలు చేశారు. ఎబ్రాక్సేన్ పేరుతో ఇది 2005 జనవరిలో అమెరికాలో అనుమతి పొందింది. ముందు సూదుల బెడద తగ్గింది, అరగంటలో ఎక్కించవచ్చు. 454 మంది స్త్రీల పరీక్షలో కణితి చెప్పుకోదగ్గంతగా తగ్గినవారు మామూలు మందుతో 19 శాతం, దీనితో 33 శాతం. జబ్బు ముదరకుండా ఆగిన కాలం 16.9 వారాలు, 23 వారాలు. ప్రకటనలకు ఇంతకన్నా ఏం కావాలి?

కాని ఆ పరీక్షలో మామూలు మందు చదరపు మీటరుకు 175 మిల్లీగ్రాములిస్తే కొత్త రూపంలో 260 ఇచ్చారు. రెండూ మూడు వారాలకొకసారి. తర్వాతి కాలంలో మామూలు పాక్లిటాక్సెల్‌నే వారం వారం కొద్దికొద్దిగా ఇస్తే అది మరింత బాగా పనిచేస్తుందని రుజువైంది. మరి ఆ వారపు పద్ధతితో పోల్చిచూస్తే? 2015లో ప్రచురితమైన అమెరికా పరీక్షలో, పాకిన జబ్బున్న స్త్రీలలో, మామూలు మందు తీసుకున్నవారికి జబ్బు 11 నెలలు ఆగితే ఆల్బుమిన్ మందు తీసుకున్నవారికి 9.3 నెలలు ఆగింది. బాధలు దీనితోనే ఎక్కువ. న్యాయానికి మరొకటి కూడా చెప్పాలి. కోతకు ముందు ఇచ్చే వైద్యంలో జర్మనీలో 2016లో వెలువడిన పరీక్ష కొత్త రూపాన్ని సమర్థించింది. కణితి పూర్తిగా మాయమైనవారు 29 శాతం నుంచి 38 శాతానికి పెరిగారు. ఇటలీవారి ఇటువంటి పరీక్ష మాత్రం గట్టి తేడా చూపలేదు.

అన్ని పరీక్షల్లోనూ ఒక విషయం కలుస్తుంది. నరాల తిమ్మిరి కొత్త రూపంతో తగ్గలేదు, పెరిగింది. 2005 నాటి పరీక్షలో తీవ్రమైన తిమ్మిరి మామూలు మందుతో 2 శాతం, ఆల్బుమిన్ మందుతో 10 శాతం. కారణం వస్తువులోనే ఉంది. చీలే కణంలో పగ్గాలైన ఆ గొట్టాలే పొడుగాటి నరంలో వెన్నునుంచి వేలి కొసదాకా సరుకు మోసే పట్టాలు. ద్రవం మారిస్తే ఎలర్జీ పోయింది, ఎందుకంటే ఎలర్జీలో పెద్దపాలు ద్రవానిది. తిమ్మిరి పోలేదు, ఎందుకంటే అది మందుదే. రూపం మార్చి వస్తువు స్వభావాన్ని మార్చలేమని దీనికన్నా తేటగా చెప్పే ఉదాహరణ నాకు సాహిత్యంలో కూడా దొరకలేదు. ఇంకొక ముక్క. ఈ ఆల్బుమిన్ కణాలు రక్తంలో కలవగానే విడిపోయి చిన్న ముక్కలవుతాయి. నానో కణం కణితిదాకా ప్రయాణించే కథ ఇక్కడ అసలే లేదు.

ఈ మందుల వెనక డబ్బు కథ వేరే ఉంది. పాక్లిటాక్సెల్ అమెరికా ప్రభుత్వ పరిశోధనలో పుట్టింది. 1991లో దాన్ని అభివృద్ధి చేసే ప్రత్యేక హక్కు బ్రిస్టల్-మైయర్స్ స్క్విబ్ కంపెనీకి దక్కింది. అమెరికా పార్లమెంటు తరఫున లెక్కలు తనిఖీ చేసే కార్యాలయం 2003లో ఇచ్చిన నివేదిక ప్రకారం ఈ మందుకు సంబంధించిన పరిశోధనమీద పెట్టిన ప్రజాధనం 48.4 కోట్ల డాలర్లు, కంపెనీ అమ్మకాలు 900 కోట్ల డాలర్లకు పైన, ప్రభుత్వ సంస్థకు ముట్టిన రాయల్టీ 3.5 కోట్లు. అదే మందుకు ఆల్బుమిన్ తొడిగిన కంపెనీని 2010లో సెల్జీన్ సుమారు 290 కోట్ల డాలర్లకు కొనుక్కుంది. వస్తువు ప్రజలది, రూపం కంపెనీది, ధర రూపానికి.

మన దేశంలో పరిస్థితి కొంత భిన్నంగా ఉండటానికి చట్టం కారణం. 1970 పేటెంటు చట్టం మందుకు పేటెంటు ఇవ్వలేదు, తయారుచేసే పద్ధతికి మాత్రమే ఇచ్చింది. హైదరాబాదు మందుల పరిశ్రమ ఆ నీడనే పెరిగింది. ప్రపంచ వాణిజ్య సంస్థ ఒప్పందం వల్ల 2005 నుంచి మందుకే పేటెంటు ఇవ్వవలసి వచ్చింది. ఆ ఏడాది, వామపక్షాల పట్టుదల కూడా తోడై, 3(డి) సెక్షనుకు ఒక వివరణ చేరింది. తెలిసిన పదార్థానికి లవణమో, స్ఫటిక రూపమో, మరొకటో చేసినంత మాత్రాన అది కొత్త పదార్థం కాదు, సామర్థ్యంలో గణనీయమైన తేడా చూపిస్తేనే కొత్తది. ఆ జాబితాలో 'కణ పరిమాణం' అని స్పష్టంగా ఉంది. నానో మందు సారాంశమంతా కణ పరిమాణమే గదా! ఈ వాతావరణంలోనే హైదరాబాదులో నాట్కో ఆల్బుమిన్ పాక్లిటాక్సెల్‌ను ఆల్బుపాక్స్ పేరుతో తెచ్చింది, డాబర్ ఫార్మా అదే మందును పాలిమర్ కణాల్లో పెట్టి నానోక్సెల్ అని తెచ్చింది. సన్ ఫార్మా డాక్సోరూబిసిన్ బుడగలు తయారుచేసింది. వాటి అవసరం ఒకప్పుడు అమెరికాకే వచ్చింది. 2011లో ఒహాయోలోని ఒకే ఒక్క కర్మాగారం ఆగిపోతే అక్కడి రోగులకు డాక్సిల్ కరువైంది. 2012 ఫిబ్రవరిలో సన్ ఫార్మావారి లైపోడాక్స్ దిగుమతికి అమెరికా తాత్కాలికంగా ఒప్పుకుంది. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో ఆ కంపెనీ జనరిక్ రూపానికి పూర్తి అనుమతినిచ్చింది.

2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు నోవార్టిస్ కేసులో 3(డి)ని వ్యాఖ్యానించింది. అది రక్త క్యాన్సర్ మందు స్ఫటిక రూపానికి సంబంధించిన కేసు. సామర్థ్యమంటే చికిత్సా సామర్థ్యమేననీ, పొడి బాగా జారడం, చెమ్మ తక్కువ పీల్చడంవంటి గుణాలు లెక్కలోకి రావనీ కోర్టు చెప్పింది. పేటెంటు నిరాకరించింది. ఆ తీర్పును మనం సంతోషంతో స్వాగతించాం, స్వాగతించవలసిందే. అయితే విషగుణం తగ్గడం చికిత్సా సామర్థ్యంలో భాగమా కాదా అన్న వాదన కూడా ఆ కేసులో వచ్చింది. దాన్ని తేల్చవలసిన అవసరం కోర్టుకు కలగలేదు, వదిలేసింది.

నానో మందుకు సరిగ్గా ఆ ప్రశ్నే ప్రాణం. డాక్సిల్ ఎక్కువ కాలం బతికించలేదు, గుండెను కాపాడింది. కాపాడటం సామర్థ్యం కాదంటే రోగి పక్షాన నిలబడి ఒప్పుకోవడం నాకు కష్టం. సామర్థ్యమే అంటే పాత మందు ప్రతి కొత్త పొట్లానికీ ఇరవై ఏళ్ళ గుత్తాధికారం రాసివ్వడానికి తలుపు తీసినట్టవుతుంది. నా అభిప్రాయం, ఏ అవయవానికి ఎంత మేలు జరిగిందో చెప్పి ఊరుకుంటే చాలదు, ఏ అవయవానికి ఎంత కీడు కొత్తగా వచ్చిందో కూడా కంపెనీయే లెక్క చూపాలి, రెండూ పోను మిగిలినదే మేలు. ఇటువంటి వాదన వచ్చిననాడు గుండె పరీక్షల కాగితాలు మన ఆస్పత్రుల్లో కట్టలు కట్టలుగా దొరుకుతాయి. చేతుల లెక్క దొరకాలంటే మాత్రం కేసు కాగితం రాసేవారు 'గృహిణి' అని రాయబోయే ముందు, నువ్వేం పని చేస్తావమ్మా అని ఆమెను అడగవలసి ఉంటుంది.